టార్చి ఎవరు పట్టుకున్నరు

మడికొండ రేకుల షెడ్డుల,
మోటరు స్టార్టర్లు చేసే కంపెనీల
నేను రాసిన మొదటి పుస్తకం నలభై రెండు పేజీలు.
త్రీ ఫేజు అంటే ఏందో చెప్పిన,
రిలే పుట్టుపూర్వోత్తరాలు చెప్పిన,
"వినియోగదారుడు గమనించవలసినది ఏమనగా" అని
పదకొండు సార్లు చెప్పిన.
నాలుగేండ్ల ఇంజినీరింగు మొత్తం
ఒక్క ఇనుప డబ్బా మీద కుమ్మరించిన.

మొగిలి సారు చదివిండు.
చాయ్‌ల ముంచిన బిస్కెట్ విరిగి పడేదాకా
ఒక్క పేజీ మీదనే ఆగిండు.
ఎర్ర పెన్ను తియ్యలే.
"అంతా కరెక్టే" అన్నడు.
నేను ఉబ్బిపోయిన.
"మరి టార్చి ఎవరు పట్టుకున్నరు?" అన్నడు.

ఏ టార్చి సార్?

ఆ రాత్రి బండెక్కించుకొని నల్లబెల్లి దిక్కు తీస్కపోయిండు.
పొలాలకు కరెంటు రెండు గంటలకు వచ్చే రోజులు.
ఒడ్డు మీద కనకమల్లు,
మోకాళ్ల దాకా బురద, తడిచిన అంగీ.
మోటరు కొట్టేసింది.
టార్చిని పండ్ల నడుమ కరిచి పట్టి
రెండు చేతులు డబ్బా దిక్కు చాపిండు.
నా పుస్తకం నా సంచిలనే ఉన్నది.
తీసిస్తే ఏ చేత్తోని పట్టుకుంటడు?
చదివి వినిపించమంటే
నోట్లె టార్చి.

ఆ వెలుగు జొన్నరొట్టె అంత.
అండ్ల మూడు లైన్లు పడతయి.
నాలుగోది చీకట్ల పోతది.

నిలబడ్డకాడనే నా మెట్లు యాది చేసుకున్న.
ఏడు: మూత తెరువుము.
ఎనిమిది: తెరుచుటకు ముందు మెయిన్ స్విచ్ ఆపవలెను.

కనకమల్లు అలవాటు కొద్ది
మెయిన్ ముందే కొట్టేసి వచ్చిండు.
నన్ను చదవలేదు కాబట్టి బతికిండు.
బిస్కెట్ విరిగి పడ్డది ఆ పేజీ మీదనే.

తిరిగొచ్చేటప్పుడు నర్సంపేటల చాయ్ తాగినం.
తిడతడేమో అని గ్లాసు దిక్కే చూస్తున్న.
"నా మొదటిది అరవై పేజీలు" అన్నడు,
పైసలిచ్చి బండి తీసిండు.

ఆ తర్వాత ఆయనను చూసుడే నా పని.
రాసుడు తక్కువ, అడుగుడు ఎక్కువ.
ఇంజినీర్ల మీటింగుల చెయ్యి ఎత్తి
"నాకు సమజ్ గాలే" అనేటోడు, సిగ్గు లేకుండ.
నాకు సమజ్ గాకున్నా నేను తలూపేటోన్ని.
ఒకసారి పచ్చ బటన్ గురించి
వారం రోజులు ఒక్క వాక్యం రాయలే.
ఎనిమిదో రోజు డిజైన్ రూముకు పోయి
"ఇది ఎందుకుంది?" అని అడిగిండు.
ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు.
ఎవరికీ తెల్వదు.
పాత డబ్బాకు ఉండె, కొత్తదానికీ వచ్చింది, అంతే.
వచ్చే నెల నుంచి ఆ బటనే లేదు.
ఆ ఏడాది సారు చేసిన పనిల
నాకు తెలిసి అదే పెద్దది.
దానికి కాయితం మీద ఒక్క అక్షరం లేదు.

ఇప్పుడు మూత మీద పసుపు పచ్చ స్టిక్కరు:

మెయిన్ ఆపు.
పది లెక్కవెట్టు.
మూత తియ్యి.

"లెక్కవెట్టు" తప్పు తెలుగని హెడ్డాఫీసు ఉత్తరం రాసింది.
సారు జవాబు కూడ మూడు లైన్లే.
అవి ఇక్కడ రాయ.

ఆయన రిటైరయి ఆరేండ్లు.
ఈ సోమవారం సహస్ర వచ్చింది, కొత్త పిల్ల,
పొద్దుగాలనే ఇరవై ఎనిమిది పేజీలు తెచ్చి పెట్టింది.
అట్ట బాగుంది. అచ్చుతప్పు ఒక్కటి లేదు.
రెండో పేజీలనే రిలే పుట్టింది.
నా పుస్తకం చూసినట్టే అనిపించి
కొంచెం ప్రేమ పుట్టింది, కొంచెం భయమైంది.

"అంతా కరెక్టే" అన్న.
ఆమె నవ్వింది.
బండి తాళం ఎక్కడ పెట్టిన్నో అని
జేబులు దేవులాడుకుంటున్న.